ఎంగిలి నెత్తురు

నింపుడు రోజున తరళ ఎంత నెయ్యి అడిగితే అంత నెయ్యి ఇడ్లీ మీద వేస్తారు. అది ఆ ఇంటి ఆచారం. ఏడేళ్ళ పిల్ల పీట మీద కూర్చుని ఎడమచెయ్యి చాపితే తల్లి భద్రావతి ధారాకడియం తొడుగుతుంది. కడియం తనంతట తానే నరం వెతుక్కుంటుంది. సూదీ లేదు, నొప్పీ లేదు. పిల్ల కుడిచేత్తో ఇడ్లీ తింటూ, గోడ మీద కదిలే బొమ్మలు చూస్తూ ఉండగానే ఒంటికి కావలసిన నెత్తురు ఎక్కేస్తుంది. ఆ తరవాత నాయనమ్మ దిష్టి తీసి, పిల్లని చంకనేసుకుని వీధంతా తిప్పుకొస్తుంది.

ఆ రోజు పిల్ల ఇడ్లీ ముట్టలేదు. పెదాలు తెల్లగా పాలిపోయి, గోడకి చేరగిలబడి, కూర్చున్నచోటే ఆయాసపడుతోంది. కడియం తొడగగానే పచ్చదీపానికి బదులు ఎర్రదీపం వెలిగింది.

"క్షమించాలి. నెత్తురు సరిపడలేదు. నింపుడు ఆపివేయడమైనది," అంది మూలనున్న యంత్రం, ఆడగొంతుతో, ఎక్కడలేని మర్యాదతో.

"సరిపడకపోవడమేందే, నీ మొహం మండ! పసిగుడ్డప్పటి నుంచీ ఎక్కించుకుంటున్న నెత్తురేగా ఇది!" అని భద్రావతి దాని నెత్తిన ఒక్కటి చరిచింది. కడియం విప్పి మళ్ళీ తొడిగింది. మళ్ళీ అదే ఎరుపు, అదే మర్యాద.

సంస్థవాళ్ళు ఆ యంత్రానికి పెట్టిన పేరు రక్తసంజీవని. చీరాల సాలీల వీధిలో ఆ పేరు ఎవరి నోటా రాదు. తాతలనాటి గుంటమగ్గాలు తీసేసిన మూలల్లోనే దాన్ని పెట్టుకున్నారు గనక అందరూ నెత్తురుమగ్గం అనే అంటారు. మేత పొట్లం విప్పి పోసి నీళ్ళు నింపితే, మూలపోగు అనే విత్తనకణాల నుంచి లోపల నెత్తురు ఊరుతుంది. మేత తెచ్చే రూతు పొట్లాలు అరుగు మీద పెట్టి పోతుంది. ఆమె వెళ్ళాక ఇంట్లోవాళ్ళు తీసుకుంటారు. దేశమంతటికీ మూలపోగు ఒకటే. ఏ గ్రూపువాళ్ళకైనా సరిపడేలా, నెత్తురు కణం పైనుండే గుర్తులన్నీ చెరిపేసి తయారుచేశారు దాన్ని.

నిజం చెప్పొద్దూ, అది చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఒకప్పుడు ఒంట్లో నెత్తురు సరిగా ఊరని తలసేమియా పిల్లల్ని కన్నవాళ్ళు నెత్తురిచ్చేవాళ్ళ కోసం ఊరూరా తిరిగి, కనబడ్డవాళ్ళ కాళ్ళావేళ్ళా పడేవారు. దొరికిన నెత్తురులో ఏం దాగుందో తెలియక, ఒక జబ్బుకి పోయించుకుంటే ఇంకో జబ్బు అంటుకున్న పసివాళ్ళు ఎందరో. మగ్గం వచ్చి ఆ బాధంతా తుడిచిపెట్టేసింది. రక్తనిధులు మూతబడ్డాయి. ఊళ్ళో రక్తనిధి ఉన్న భవనంలో ఇప్పుడు ఐస్‌క్రీములు అమ్ముతున్నారు.

అయితే మగ్గాన్ని అమ్ముకోవడానికి సంస్థ ఒక మాట పుట్టించింది. 'ఎవరి ఎంగిలీ లేని నెత్తురు' అని. ఆ మాట గోడలకెక్కింది, పాటల్లో పడింది, చివరికి బడిపిల్లల నోళ్ళలో తిట్టయి కూర్చుంది. మనిషి ఒంట్లోంచి తీసింది ఎంగిలి నెత్తురు. ఒక తరం గడిచేసరికి ఆ ఊహకే జనం ముక్కు మూసుకోవడం నేర్చారు.

ఇంకో సంగతి కూడా ఉంది. పాతపేర్లు మళ్ళీ మోజైన కాలంలో పుట్టింది గనక భద్రావతి అని పేరు పెట్టించుకున్న తరళ తల్లికి, సొంత మేనత్త కొడుకు మార్కండేయతోనే పెళ్ళి కుదిరింది. ముందుగా ఇద్దరికీ నెత్తురు పరీక్ష చేయించుకుంటే మంచిదని ఎవరో అన్నారు. మేనత్త హర్షిణమ్మ పకపకా నవ్వింది. "ఇంట్లో మగ్గం పెట్టుకుని పరీక్షలేందే, చాదస్తం కాకపోతే! అట్టాంటి పిల్ల పుడితే మాత్రం ఏమైంది, ఓ కడియం తొడుగుదాం," అంది. వీధి వీధంతా అలాగే అనుకుంది. మేనరికాలు ఆ వీధిలో ఎప్పుడూ మానలేదు. మగ్గం వచ్చాక జంకడం కూడా మానేశారు.

అదిగో, అలా పుట్టిన పిల్లే తరళ.

ఆసుపత్రిలో పిల్లకి గాలి గొట్టం పెట్టి పడుకోబెట్టారు. డాక్టర్ నజీరా పిలిస్తే సంస్థ అధికారి పరాంకుశం హైదరాబాదు నుంచి రెక్కలబండిలో దిగాడు. ఇస్త్రీ నలగని మనిషి.

"మా నెత్తురులో ఏ లోపమూ లేదండీ," అన్నాడు. "లోపం పాప శరీరంలో ఉంది."

భద్రావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏందయ్యా, ఊపిరాడని పసిదానిదా తప్పు? అమ్మేటప్పుడు చెప్పావా ఈ ముక్క?"

డాక్టర్ నజీరా ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. "భద్రా, విను. మగ్గం నెత్తురు కణం మీద గుర్తులన్నీ చెరిపేశారు కదా. అలా బోడిగా ఉండడమే ఇప్పుడు దాని గుర్తయి కూర్చుంది. పాలు తాగే వయసు నుంచి ఎక్కించుకుంటున్న పిల్లల్లో కొందరి ఒళ్ళు దాన్ని పసిగట్టేసింది. ఇది ఏ మనిషిదీ కాదని వెంటపడి చంపుతోంది. ఎంత ఎక్కిస్తే అంత చంపుతుంది, ఆ పోరులో పిల్ల కూడా పోతుంది."

"కొత్త మూలపోగు సిద్ధమవుతోందండీ," అన్నాడు పరాంకుశం. "మూడు నెలలు ఓపిక పడితే..."

"మూడు నెలలు నేను ఓపిక పడతా. నా బిడ్డ పట్టుద్దా?"

"పట్టదు," అంది డాక్టరు పరాంకుశం వైపే చూస్తూ. "గుండె అలిసిపోతోంది. వారం లోపల మనిషి నెత్తురు ఎక్కించాలి. వేరే దారి లేదు."

మనిషి నెత్తురు అనేసరికి పరాంకుశం చేతిరుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. భద్రావతి చూసింది. "నీది ఏ గ్రూపు?" అంది సూటిగా.

"నాదాండీ? అబ్బే... సంస్థ నియమాలు ఒప్పుకోవండీ. పైగా అది శుభ్రం కాదు కదా," అని నీళ్ళు నమిలి, ఇంకో మాటకి తావివ్వకుండా బండెక్కి చక్కాపోయాడు.

వార్త తెలియగానే సాలీల వీధి మొత్తం కదిలి వచ్చింది. అది మాత్రం కళ్ళారా చూడవలసిన సంగతే. బాబాయిలు, పెదనాన్నలు, వదినలు, మరదళ్ళు, చొక్కా చేతులు పైకి మడిచి ఆసుపత్రి వరండా నిండా నిలబడ్డారు. "మా పిల్లకి మా నెత్తురు ఎంగిలేందండీ, తియ్యండి," అన్నారు. అందరికంటే ముందు హర్షిణమ్మ. "నా మనవరాలికి నా ఒంట్లో ఉన్నదంతా తోడి పొయ్యమ్మా," అని డాక్టరు చేతులు పట్టుకుంది. ఆ మాట ఉత్తుత్తి మాట కాదు. పిల్ల కోసం ఆవిడ ప్రాణమిచ్చే మనిషే.

డాక్టర్ నజీరా తల అడ్డంగా ఊపింది. "మీలో ఎవరిదీ ఎక్కించలేను."

"కన్నతల్లిని, నాది కూడానా?" భద్రావతి గొంతు లేచింది.

"నీది అసలే వద్దు. దగ్గర చుట్టాల నెత్తురులో ఉండే తెల్లకణాలు పిల్ల ఒంట్లోకి వెళితే, ఆ ఒళ్ళు వాటిని పరాయివని గుర్తుపట్టలేదు. సొంతవాళ్ళే అని చోటిస్తుంది. అవి అక్కడ కాపురం పెట్టి, పిల్లని లోపలి నుంచి తినేస్తాయి. ఆ కణాల్ని ముందే చంపడానికి వెనకటి రక్తనిధుల్లో కిరణపెట్టెలుండేవి. ఆ నిధులతోపాటే అవీ పోయాయి. ఇప్పుడు క్యాన్సరుకి కూడా కిరణాలు వాడట్లేదు, అడుగుదామన్నా ఎక్కడా లేవు. మీ వీధిలో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ మీలో మీకే. ఎవర్ని తీసుకున్నా తోబుట్టువు కిందే లెక్క. పిల్లకి పరాయివాళ్ళ నెత్తురు కావాలమ్మా. ఏ చుట్టరికమూ లేనివాళ్ళది."

మడిచిన చేతులన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి. మార్కండేయ గోడకేసి తల కొట్టుకున్నాడు. "నువ్వు తల బద్దలు కొట్టుకుంటే ఆ నెత్తురు కూడా పనికిరాదు బావా, లే," అని కసిరి భద్రావతి చెప్పులేసుకుంది.

పరాయివాళ్ళు. ఊరినిండా పరాయివాళ్ళే కదా, ఒక్కరు దొరకరా అనుకుంది పిచ్చి తల్లి.

వ్యాయామశాలకి వెళ్ళింది. గేదెల్ని ఎత్తి కుదేసేలా ఉన్న కుర్రాళ్ళు అడిగినమాట విని తెల్లమొహాలు వేశారు. "నాది తీసేస్తే నాకేం మిగులుద్దండీ?" అన్నాడు ఒకడు, నిజంగానే తెలియక. "మళ్ళీ ఊరుద్దయ్యా, నీ ఒంట్లో అదే ఊరుద్ది," అని చెబితే నమ్మలేదు. నెత్తురు మళ్ళీ ఊరుతుందన్న సంగతే ఊరు మరిచిపోయింది. మేడల కాలనీలో ఒకావిడ తన పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసుకుంది. "నాకు ఇవ్వాలనే ఉందమ్మా, మా ఆవిడ ఊరుకోదు," అన్నాడు ఒక పెద్దమనిషి. బస్టాండులో ఆమె అరుగెక్కి గొంతు చించుకుని అడిగితే, జనం చుట్టూ మూగి వింతగా చూశారు. ఎవరో వెనకనుంచి "ఛీ, ఎంగిలి నెత్తురంట!" అన్నారు. పదిమంది నవ్వారు.

భద్రావతి అరుగు మీదనే నిలబడి తిట్లు లంకించుకుంది. "నవ్వండ్రా, నవ్వండి! మీ ఒంట్లో పారేది పన్నీరు మరి! రేపు మీ పిల్లలకి కూడా ఆ మగ్గం ఎర్రదీపం చూపిస్తే తెలుసుద్ది. అప్పుడు నా గుమ్మంలోకి రండి, చెప్తా!" గొంతు పూడుకుపోయేదాకా తిట్టింది. జనం ఎవరి బస్సు వాళ్ళు ఎక్కి పోయారు.

బట్టలు తీసుకుపోదామని ఇంటికొచ్చేసరికి వాకిట్లో మేతబండి ఆగి ఉంది. రూతు పొట్లం పట్టుకుని నిలబడింది. నలభై దాటిన మనిషి, గట్టి చేతులు.

"మేత తెచ్చానమ్మా. అరుగు మీద పెట్టనా?"

"ఎవరికి మేత? ఆ దిక్కుమాలిన మగ్గం నా బిడ్డకి పనికిరాదు," అంది భద్రావతి.

"తెలుసు. ఇందాక బస్టాండులో మీరు అడగతా ఉంటే నేనూ ఉన్నా. టీకొట్టు కాడ. అటుపక్కోళ్ళని అడిగారు, ఇటుపక్కోళ్ళని అడిగారు. నా ముందునించే పోయారు, నన్ను మాత్రం అడగలా."

భద్రావతి అరుగు మీదికెక్కి ఇటు తిరిగింది.

"నెలనెలా మీ గుమ్మంలో నిలబడేదాన్ని. మీకు చుట్టాన్ని కాను, పక్కాన్ని కాను. డాట్రమ్మ చెప్పిన పరాయిదాన్ని నాకంటే ఎవరున్నారమ్మా? ఏం, నాలో పారేది నెత్తురు కాదా?" రూతు గొంతు పెంచలేదు గానీ ఆ కళ్ళలో కోపం భద్రావతి కోపానికి ఏమాత్రం తీసిపోదు. భద్రావతికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. బస్టాండులో టీకొట్టు దగ్గర ఈమెని చూసిన మాట నిజం. చూసి, అడగాలన్న ఆలోచనే రాని మాటా నిజం.

"ఇస్తావా?" అంది చిన్నగా.

"అడగండి ముందు. అందర్నీ ఎట్టా అడిగారో అట్టా అడగండి."

భద్రావతి అరుగు దిగి వచ్చింది. ఆమె చేతిలోని పొట్లం తీసి పక్కన పడేసి, ఆ రెండు చేతులూ పట్టుకుంది. "రూతక్కా, నా బిడ్డకి నీ నెత్తురు ఇయ్యక్కా."

"ఎక్కు బండి," అంది రూతు.

పరీక్షలో రూతు నెత్తురు తరళకి సరిపడింది. తీయడానికే సరంజామా లేదు. ధారాకడియానికి ఎక్కించడమే తెలుసు, తీసుకోవడం తెలియదు. డాక్టర్ నజీరా పశువుల ఆసుపత్రికి పరిగెత్తి, సీలు విప్పని సంచీ, గొట్టం, సూది తెచ్చింది.

"ఓర్నాయనో, బర్రె సూదా ఇది?" రూతు గుడ్లు తేలేసింది.

"మనుషులవి చేయడం ఎప్పుడో మానేశారు రూతమ్మా. కుక్కలకీ బర్రెలకీ మగ్గాలు లేవు గనక వాటి సరంజామా ఇంకా దొరుకుతోంది."

"అంటే కుక్క ఇంకో కుక్కకి ఇస్తానే ఉందన్నమాట," అంది భద్రావతి పళ్ళు నూరుతూ.

సూది దిగినప్పుడు రూతు కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో కీర్తన ముక్క గొణుక్కుంది. సంచీ నిండింది. అది చుక్క చుక్కగా తరళలోకి దిగుతుంటే ముందు పెదాలకి రంగొచ్చింది, తరవాత గోళ్ళకి. సాయంత్రానికి పిల్ల లేచి కూర్చుని, "అమ్మా, ఆకలేస్తంది," అంది. ఆ మాట విని ఎంత కాలమైందో. ఇన్నాళ్ళూ ఎవరి ముందూ కంట తడి పెట్టని భద్రావతి, రూతు భుజం మీద వాలి బావురుమంది.

"ఊరుకో, ఊరుకో. ఇది అయిపోయాక ఏం చేస్తావు?" అంది రూతు.

"మూడు వారాలకి మళ్ళీ కావాలంట. అన్నిసార్లు నిన్నే పీడించకూడదని చెప్పింది డాట్రమ్మ."

"మా పేటలో అడుగుదాం పా. నీ నోరు నీకుంది, నా నోరు నాకుంది," అంది.

రెండు రోజులకి పిల్లని ఇంటికి పంపారు. వీధి మొగలోనే చుట్టాలంతా ఎదురొచ్చారు. హర్షిణమ్మ హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తరళ "నాయనమ్మా!" అంటూ పరిగెత్తబోయింది.

"ఆగమ్మా," అంది హర్షిణమ్మ. కోడలి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఎవురిదంటనే ఆ నెత్తురు?"

"మేత తెచ్చే రూతక్కది."

హారతి పళ్ళెం కిందికి దిగింది. చుట్టాల్లో గుసగుస బయల్దేరింది. ఎవరో "ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?" అన్నారు. ఎవరో ఇంకాస్త సూటిగా ఆ పేట పేరే అన్నారు. నాలుగు రోజుల కిందట ఆసుపత్రి వరండాలో నెత్తురిస్తామని చొక్కా చేతులు మడిచి నిలబడ్డవాళ్ళే వీళ్ళంతా. మగ్గం నెత్తురుకి ఇల్లూ లేదు, పేటా లేదు. ఇన్నేళ్ళుగా ఎవరి ఒంట్లోకీ ఎవరి నెత్తురూ పోలేదు గనక అడగవలసిన పని ఎవరికీ పడలేదు. అడిగే బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు, భద్రంగా అలాగే ఉంది.

హర్షిణమ్మ వరండాలో చాప వేసి, విడిగా ఓ కాగితం పళ్ళెంలో పప్పూ అన్నం కలిపి పిల్ల ముందు జరిపింది. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి. పిల్లని మాత్రం ముట్టుకోలేదు.

"నువ్వేం బెంగపడమాకే భద్రా," అంది. "మగ్గానికి మేత వేసి ఉంచా. నెత్తురు ఊరింది. ఓ కడియం తొడిగామంటే లోపలున్నది కాస్తా కడుక్కుపోయిద్ది. మన పిల్ల మనకి శుభ్రమయిద్ది."

భద్రావతికి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక పిల్లకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"చంపుతావా అత్తా?" అంది. "ఆ నెత్తురు ఎక్కితే చచ్చిపోద్దని డాట్రమ్మ చెప్పింది గదా! బతికిన పిల్లని మళ్ళీ చంపి శుభ్రం చేసుకుంటావా?" ఒక్క ఊపున మూలకి పోయి ధారాకడియం గుంజింది. గొట్టంతో సహా ఊడొచ్చింది. దాన్ని తీసుకెళ్ళి వాకిట్లోకి విసిరికొట్టింది. "బావా, నువ్వన్నా మాట్లాడు. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

మార్కండేయ తల్లి వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, చివరికి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"సరే," అంది భద్రావతి. "మీ నెత్తురు పోస్తే నా బిడ్డని తినేసేది. ఆమె నెత్తురు పోస్తే లేచి కూర్చుంది. ఎవరు సొంతమో, ఎవరు పరాయో నాకు తెలిసిపోయింది."

భద్రావతి వంగి, తరళ ముందున్న పళ్ళెంలోంచి ఓ ముద్ద తీసింది. పిల్ల సగం కొరికిన ముద్ద. వంటింట్లోకి నడిచి, చుట్టాలందరికీ వండిన అన్నం డేగిసాలో దాన్ని పడేసి గరిటెతో అడుగుదాకా కలిపేసింది. పప్పు గిన్నెలోనూ అదే చేసింది. "ఇప్పుడు ఇల్లంతా ఎంగిలే. తినేవాళ్ళు తినండి, లేనోళ్ళు పస్తుండండి," అని రెండు గిన్నెలూ తెచ్చి వరండాలో పిల్ల పక్కన దించింది. తనూ చాప మీద కూర్చుని ఆ కాగితం పళ్ళెంలోనే చెయ్యి పెట్టింది.

ఎవరూ కదల్లేదు. మూలనున్న మగ్గం మాత్రం, "నెత్తురు సిద్ధంగా ఉంది. దయచేసి కడియం తొడగండి," అని మర్యాదగా పిలుస్తూనే ఉంది.

తరళ గబగబా నాలుగు ముద్దలు తింది. తల్లి చేతిని చూసి, గుమ్మం లోపల నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంటున్న నాయనమ్మని చూసి, తన ముంజేతికి అంటించిన పట్టీని కాసేపు గోటితో గీకింది.

"అమ్మా, ఈ నెత్తురు ఎప్పుడు అయిపోద్ది?" అంది. "అయిపోయాక నాయనమ్మ కాడ పడుకుంటా."

భద్రావతి గిన్నె దగ్గరికి లాక్కుంది. పప్పు ఇంకో గరిటె వేసి, తినమంది.